ఎగుమతిదారు గడిలో ఎవరి పేరు

దేశం దాటే ప్రతి సరుకుకూ కస్టమ్స్ వాళ్లకు ఒక ప్రకటన ఇచ్చుకోవాలి. ఓడలోనో విమానంలోనో పోయే సరుకైతే దాన్ని షిప్పింగ్ బిల్లు అంటారు. సరుకు పేరు, బరువు, విలువ, ఎనిమిదంకెల టారిఫ్ కోడ్, ఎక్కే రేవు, దిగే రేవు, డబ్బు వచ్చిపడే బ్యాంకు అన్నీ అందులో ఉంటాయి. పైభాగంలో ఎగుమతిదారు పేరూ చిరునామా రాసే గడి ఒకటుంటుంది. ఈ బిల్లులు నింపడమే నా బతుకుతెరువు. నింపగా నింపగా నాలో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఒక పల్లెకు ప్రపంచ వ్యాపారంలో చోటు దొరికిందో లేదో తెలుసుకోవాలంటే, ఆ పల్లె సరుకు ఓడెక్కిందా అని అడిగితే చాలదు. ఆ గడిలో ఎవరి పేరుందో చూడాలి.

మా ఆఫీసు ఆత్తిపట్టులో. చెన్నై సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే ఎన్నూరు తర్వాత ఆత్తిపట్టు పుదునగర్, ఆ తర్వాతి స్టేషన్ ఆత్తిపట్టు. దిగగానే ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. తూర్పున ఎన్నూరు రేవు. ఆ కరెంటు కేంద్రానికి బొగ్గు దించడానికని కట్టిన ఈ రేవు 2001లో దేశంలో పన్నెండో మేజర్ పోర్టుగా పని మొదలుపెట్టింది. 2014లో కామరాజర్ పోర్టు అని పేరు మారింది. బొగ్గు వెనకాల కార్లొచ్చాయి, కార్ల వెనకాల కంటైనర్లొచ్చాయి. దానికి కాస్త ఉత్తరాన కాట్టుపల్లి రేవు. ఈ రెండిటికీ, ఇటు చెన్నై హార్బరుకూ పోయే కంటైనర్ బాక్సుల్లో చాలా మా చుట్టుపక్కల రోడ్ల మీదే నడుస్తాయి. తిరువొత్తియూర్, పొన్నేరి, పంజెట్టిలను కలిపే రోడ్డును ఎగుమతి లైన్లో ఉన్నవాళ్లంతా టీపీపీ రోడ్డు అంటారు. అక్కడ టీకొట్ల దగ్గర తమిళం ఎంత వినిపిస్తుందో నెల్లూరు డ్రైవర్ల తెలుగూ అంత వినిపిస్తుంది.

రేవు ఇంత దగ్గర ఉన్నా, ఆత్తిపట్టు మనిషి పేరు ఎగుమతిదారు గడిలో నేను రాసింది లేదు. ఇక్కడి కుర్రాళ్లకు గేట్ల దగ్గర సెక్యూరిటీ పని, యార్డుల్లో సరుకు కట్టి బిగించే లాషింగ్ పని, ట్రెయిలర్ల మీద క్లీనర్ పని దొరుకుతుంది. కాట్టుకుప్పం లాంటి జాలరి పల్లెలకు రేవు వల్ల వచ్చిపడింది వేరు. 2017 జనవరి 28న రేవు బయట రెండు ఓడలు ఢీకొని నూనె తెట్టు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు, అక్కడి చేపల్ని కొనేవాళ్లు లేక జాలర్లు పడవలు కట్టేసుకున్నారు. రేవుకు కిలోమీటర్ల లెక్కన దగ్గరున్న ఊరు వ్యాపారానికి దగ్గరున్నట్టు కాదని నేను చెప్పేది ఇందుకే.

మాది తిరుత్తణి దాటి పళ్లిపట్టు వైపు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన ప్రాంతం. సత్యవేడు అటు పోయింది, మేము ఇటొచ్చాం. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. నాయన నేతపని చేసేవాడు. షావుకారు పడుగూ నూలూ ఇచ్చేవాడు, నాయన నేసి బట్ట అప్పజెప్పేవాడు, వారానికోసారి కూలి. బట్ట ఆ ఇంటి గడప దాటాక ఎటు పోతుందో మాకు తెలిసేది కాదు. కొంత విదేశాలకు పోతుందని షావుకారు ఇంట్లో వాళ్ల మాటల్లో వినడమే. ఏ దేశం, ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అని నాయన అడిగిన గుర్తు నాకు లేదు. అడిగితే పడుగు ఇవ్వరేమోనన్న భయం ఒక్కటే అందుకు కారణం కాదు. అడగొచ్చన్న ఊహే ఎవరికీ లేదు.

నేను ఈ లైన్లోకి హెచ్ కార్డుతో వచ్చాను. కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఈ కార్డులిస్తారు. బ్రోకర్ని లైన్లో ఇప్పటికీ పాత పేరుతో సీహెచ్‌ఏ అనే పిలుస్తాం. హెచ్ కార్డున్నవాడు కాగితాలు తిప్పొచ్చు గాని సంతకం పెట్టడానికి లేదు. పరీక్ష రాసి జీ కార్డు తెచ్చుకున్నాక బ్రోకర్ తరఫున సంతకం పెట్టే హక్కు వస్తుంది. నా హెచ్ కార్డు రోజులన్నీ రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్ మెట్ల మీదే గడిచాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బ్యాంకు ఫారాలు చేత్తో పట్టుకుని ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి నడవడం. బిల్లు కంప్యూటర్లోనే పడేది, దానికి జత చేసే కాగితాలు మాత్రం మనిషి మోయాల్సిందే. 2018లో ఈ-సంచిత్ వచ్చాక వాటినీ స్కాన్ చేసి ఎక్కించడం మొదలైంది. ఇప్పుడు లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, మేము ఎల్‌ఈవో అనేది, పడిందో లేదో ఫోన్లో చూసుకుంటాం.

కొత్త యంత్రాల వల్ల పల్లెకు నిజంగా మేలు జరిగిన చోటు చెప్పమంటే ముందు సీలు గురించి చెబుతాను. చిత్తూరు జిల్లాలో తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీలున్నాయి. కాయ దిగే కాలంలో రాత్రింబవళ్లు మిషన్లు ఆగవు. గుజ్జును క్రిములు చేరని సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి, గల్ఫ్‌కీ యూరప్‌కీ పంపుతారు. 2017కి ముందు ఫ్యాక్టరీలోనే కంటైనర్ నింపాలంటే సెంట్రల్ ఎక్సైజ్ అధికారి వచ్చి, తన కళ్లముందు నింపించి, సీలు వేయాలి. ఆయన వచ్చేదాకా డ్రైవరూ కూలీలూ బాక్సు ముందు కూర్చోవాల్సిందే. కాదంటే సరుకును రేవు పక్కన కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కి తెచ్చి అక్కడ విప్పి చూపించి నింపాలి. జీఎస్టీ వచ్చిన 2017లోనే ఆ పద్ధతి మారింది. అనుమతి తెచ్చుకున్న ఫ్యాక్టరీ తానే సీలు వేసుకోవచ్చు. సీలులో రేడియో చిప్ ఉంటుంది. సీలు నంబరూ షిప్పింగ్ బిల్లు నంబరూ బండి నంబరూ సీలు వేసిన వేళా ఆన్‌లైన్లో పెట్టేస్తే, రేవులో రీడర్‌తో చదివి సీలు చెక్కు చెదరలేదని చూసుకుని లోపలికి వదులుతారు. బాక్సు తలుపు విప్పాల్సిన పని చాలావరకు తప్పింది.

ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. రేవుకు బాక్సు చేరడానికి కట్ ఆఫ్ అని ఒక గడువుంటుంది. ఆ వేళ దాటితే ఓడ ఆగదు, సరుకు తర్వాతి ఓడకు పోతుంది, యార్డు అద్దె ఎక్కుతుంది, అక్కడ కొనుక్కున్నవాడు ముఖం చిట్లిస్తాడు. రేవుకు పక్కనున్న ఫ్యాక్టరీకి ఒక పూట ఆలస్యమైనా సర్దుకోవచ్చు. చిత్తూరులో, పలమనేరులో ఉన్నవాడికి ఆ పూటే ప్రాణం. దూరాన ఉన్నవాడి నెత్తిన పడే భారాన్ని ఆ ఇనప సీలు కొంత దించింది. బాక్సు ఎక్కడుందో చెప్పే చిప్పులు కూడా 2016లో నవా షేవా రేవు నుంచి మొదలై దక్షిణాది రేవులకు వచ్చాయి. ఫ్యాక్టరీ గుమాస్తా నాకు ఫోన్ చేసి "అన్నా, బండి ఎక్కడ?" అని అడగడం తగ్గింది. ఆయనే ఫోన్లో చూసి నాకు చెబుతున్నాడు.

ఇంత జరిగినా, ఆ డ్రమ్ముల్లోని కాయ పండించిన రైతుకు దీంతో ఏం సంబంధం కలిగింది? తాజా మామిడి విషయంలో ఒక సంబంధం కలిగింది. 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని పండుఈగ కారణంగా నిషేధించింది, 2015 మొదట్లో ఎత్తేసింది. ఇప్పుడు ఏ తోటలో కోసిన కాయో తెలిసేలా తోటల్ని, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే మ్యాంగోనెట్‌లో నమోదు చేస్తున్నారు. తోటకు ఒక నంబరుంటుంది. మంచిదే, కానీ ఒకటి గమనించాను. యూరప్‌లో దిగిన పెట్టెలో పురుగు కనబడితే ఆ నంబరు పట్టుకుని తోటదాకా వస్తారు. అదే పెట్టె అక్కడ రెట్టింపు ధరకు అమ్ముడైతే ఆ సంగతి నంబరు వెంట వెనక్కి రాదు. రైతు పేరు తప్పు వెతకడానికి పనికొచ్చినంతగా బేరం ఆడుకోవడానికి పనికిరావడం లేదు. ఎగుమతిదారు గడిలో కంపెనీ పేరే ఉంటుంది.

ఈ తీరు కొత్తదేం కాదు. ఆత్తిపట్టుకు ఉత్తరాన పళవేర్కాడు ఉంది. మనం పులికాట్ అంటాం. డచ్చి కంపెనీవాళ్లు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో వాళ్ల ముఖ్య స్థావరం చాలాకాలం అదే. ఇక్కడి రంగు గుడ్డల్ని తూర్పు దీవులకు తీసుకుపోయి, బదులుగా జాజికాయ, లవంగం లాంటి దినుసులు కొనేవాళ్లు. ఆ వ్యాపారంలో డచ్చివాళ్లకు సరుకు కూర్చిపెట్టిన పెద్ద వర్తకులు తెలుగు బలిజలు. మలయ అని పిలిచిన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి. వాళ్లు ఎంత పలుకుబడి నడిపారో చరిత్రకారులు రాశారు. నాకు దొరికినవన్నీ చదివాను. వర్తకుల పేర్లున్నాయి, గుడ్డల రకాల పేర్లున్నాయి, రేవుల పేర్లున్నాయి. నేసినవాళ్లలో ఒక్కరి పేరూ కంటబడలేదు.

గళ్ల గుడ్డ సంగతి ఇంకా విచిత్రం. చీరాల నుంచి ఈ తీరమంతా నేసిన గళ్ల నూలు బట్ట రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్న పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. నైజీరియాలో నైజర్ నది డెల్టాలో ఉండే కలబారి జనం దాన్ని ఇంజిరి అంటారు. పుట్టుకకీ చావుకీ వాళ్లకు ఆ గుడ్డ కావాలి. అంతటితో ఆగరు. అక్కడి ఆడవాళ్లు గళ్లలో కొన్ని పోగుల్ని బ్లేడుతో కోసి, లాగేసి, ఆ బట్టలోనే కొత్త బొమ్మ తేలుస్తారు. ఇక్కడ ఒక చెయ్యి వేసిన పోగును అక్కడ ఇంకో చెయ్యి ఏరి తీస్తుందన్నమాట. ఆ రెండు చేతులూ ఒకదానికొకటి ఎన్నడూ తెలియవు. మన టారిఫ్ పుస్తకంలో 5208 కింద రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్, బ్లీడింగ్ మద్రాస్ అన్న పేర్లు ఇప్పటికీ విడివిడి వరుసల్లో ఉన్నాయి. ఆ వరుసలు కనబడ్డప్పుడల్లా నాయన మగ్గం గుర్తొస్తుంది. గుడ్డకు ప్రపంచమంతా ఒక కోడ్ దొరికింది, నేతగాడికి దొరకలేదు.

దొరకడానికి ఇప్పుడు దారుంది. ఎగుమతి చేయాలంటే ఐఈసీ కావాలి. కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ ఇచ్చే పది అక్షరాల నంబరు అది. 2017 నుంచి పాన్ నంబరే ఐఈసీ నంబరు కూడా. ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి నమోదు చేయాలి, లేకపోతే నంబరు పడుకుంటుంది. చెప్పుకుంటే ఇంతే. పొదటూరుపేట వైపు ఉన్న ఒక అక్కకు ఇది చేయించబోయినప్పుడు ఎంత పని ఉందో నాకు అర్థమైంది.

ఆమె, వాళ్లాయన చేమగ్గం మీద తువ్వాళ్లూ మేజా గుడ్డలూ నేస్తారు. వాళ్లమ్మాయి ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఫ్రాన్స్‌లో ఒక చిన్న అంగడివాళ్లు చూసి కొన్ని నమూనాలు అడిగారు. "తమ్ముడూ, నువ్వు ఓడల పనిలో ఉన్నావు కదా, పంపించి పెట్టు" అని నా దగ్గరికొచ్చారు. నా దగ్గరికొచ్చే ఎగుమతిదారుల్లో ఎవరి లైసెన్సు మీదో పంపించెయ్యడం అర నిమిషం పని. అలా పంపితే కాగితం మీద ఆ తువ్వాళ్లు ఆ లైసెన్సు వాడివి. డబ్బు వాడి ఖాతాలోకొస్తుంది, ఎగుమతి చేసిన అనుభవం వాడి రికార్డులోకెక్కుతుంది. ఆమె మళ్లీ పడుగు తెచ్చుకునే మనిషిగానే మిగులుతుంది. అందుకని ఆమె పేరు మీదే చేద్దామన్నాను.

ఆమె ఆధార్లో పేరుకు ముందు ఇనీషియల్ ఉంది. తమిళనాడులో చాలామందిది అంతే. పాన్ దరఖాస్తులో ఇనీషియల్ ఒప్పుకోరు, విడదీసి పూర్తిగా రాయాలి. ఎవరో రాసిపెట్టినవాళ్లు మొగుడి పేరు విడదీసి చివర పెట్టారు. బ్యాంకు పాసుపుస్తకంలో నాన్న ఇనీషియల్, అదీ పేరు తర్వాత. నగరిలో ఉన్న వాళ్ల చిన్నాన్న కుటుంబానికి ముందు ఇంటిపేరుంటుంది, ఆ తర్వాత సొంత పేరు. అదే వంశం, సరిహద్దుకు ఇటు వచ్చేసరికి ఇంటిపేరు పోయి అక్షరం మిగిలింది. ఆ అక్షరం ఏ కాగితంలో ఎక్కడ నిలబడిందో దాన్నిబట్టి ఆమె ముగ్గురు మనుషులైంది. డీజీఎఫ్‌టీ సైటు పేరునూ పుట్టినతేదీనీ ఆదాయపు పన్ను రికార్డుతో పోల్చి చూస్తుంది. పేరు ముద్రించిన చెక్కు అడుగుతుంది. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగుతుంది.

"నేసింది నేనే కదా తమ్ముడూ, నేనే నేసినానని చెప్పేదానికి ఇన్ని కాగితాలా?" అంది.

"మిషన్‌కి మీ మొహం తెలీదక్కా, అక్షరాలే తెలుసు" అన్నాను.

ముందు ఆధార్ దిద్దించాం, దాన్నిబట్టి పాన్, దాన్నిబట్టి బ్యాంకు. ఆ తర్వాత ఏడీ కోడ్ గొడవ. విదేశీ డబ్బు తీసుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకు శాఖ గుర్తు అది. దాన్ని కస్టమ్స్ ఐస్‌గేట్ సైటులో, మనం పంపబోయే రేవు పేరు మీద నమోదు చేయించాలి. ఆమె ఖాతా ఉన్న చిన్న శాఖలో ఆ మాట విన్నవాళ్లు లేరు. మంచి మేనేజరు కాబట్టి పెద్ద శాఖకు ఫోన్ చేసి కనుక్కుని లెటరు తెప్పించాడు. ఈ పనులకు ఆమె మగ్గం ఆపిన పూటలన్నీ కూలి పోయిన పూటలే. ఒక పెద్ద కంపెనీలో దీనికంతా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటారు. యంత్రం అందరికీ ఒకటే తలుపు తెరిచింది, నిజమే. ఆ తలుపుదాకా నడిచే ఖర్చు మాత్రం చిన్నవాడికే ఎక్కువ.

సరుకు పోయింది ఓడ మీద కాదు, పోస్టులో. ఆ కొద్ది తువ్వాళ్లకు కంటైనర్లో చోటు కొంటే చార్జీలే సరుకు విలువను మించుతాయి. 2022 చివర నుంచి తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. అంతకుముందు వ్యాపారంగా పార్సిల్ పంపాలంటే చెన్నైలో ఫారిన్ పోస్టాఫీసుకు రావాలి. ఇప్పుడు పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ప్రకటనను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో నింపి, దగ్గర్లోని కేంద్రంలో పార్సిల్ ఇచ్చేస్తే చాలు. కస్టమ్స్ తనిఖీ చెన్నైలో జరుగుతుంది, మనం పోనక్కర్లేదు. దీనికి సీహెచ్‌ఏ కూడా అక్కర్లేదు. నా పనిని తగ్గించే పద్ధతే అయినా, ఇన్నేళ్లలో ప్రభుత్వం చేసిన పనుల్లో పల్లెకు ఇంత దగ్గరగా వచ్చింది ఇంకోటి లేదని నేను నమ్ముతాను. రేవు ఊరూరికీ రాదు, పోస్టాఫీసు ఉంది. ఆ ప్రకటన ప్రింటు తీసి ఇస్తే, వాళ్లాయన ఎగుమతిదారు గడి మీద వేలు పెట్టి ఆమె పేరు పైకి చదివాడు. నాకు ఈ వృత్తిలో అంతకన్నా గొప్ప సంతృప్తి ఎన్నడూ కలగలేదు.

డబ్బు రావడం ఇంకో ఘట్టం. వచ్చిన డాలరుకీ యూరోకీ పంపిన బిల్లుకీ బ్యాంకు జత కుదర్చాలి, గడువులోగా. కుదరకపోతే రిజర్వ్ బ్యాంకు లెక్కలో ఆ బిల్లు తెరిచే ఉంటుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి రెండు మూడు సరుకులకు డబ్బు ముందే తీసుకోండి. పెద్ద ఆర్డరు అప్పు మీద ఇవ్వాల్సివస్తే ఈసీజీసీ బీమా చేయండి, 1957 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ అది. బ్యాంకు ఖాతా మారిందని కొన్నవాడి పేరుతో మెయిల్ వస్తే, అతనికి ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. దొంగలు ఇప్పుడు రేవు గోడ దూకడం లేదు, మెయిల్లో దూరుతున్నారు.

పేరు మీద వ్యాపారం ఉండడమంటే దెబ్బ కూడా పేరు మీదే పడుతుంది. పళవేర్కాడు వైపు తాటాకు బుట్టలల్లే ఆడవాళ్ల బృందం ఒకటి నా సలహా మీద అమెరికాకు చిన్న పార్సిళ్లు పంపడం మొదలుపెట్టింది. 800 డాలర్లలోపు సరుకుకు అక్కడ సుంకం లేదన్న ధైర్యంతో పెట్టుకున్న ధరలవి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా ఆ మినహాయింపు తీసేసింది. సుంకం ఎవరు వసూలు చేసి ఎలా కట్టాలో తేలక ఇండియా పోస్ట్ అంతకు నాలుగు రోజుల ముందే అక్కడికి పార్సిళ్లు ఆపింది. అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యేదాకా అల్లిన బుట్టలు ఇంట్లోనే ఉన్నాయి. పెద్ద కంపెనీ అయితే ఇంకో దేశానికి మళ్లించుకుంటుంది. వీళ్లు దీపావళికి చేతికొస్తుందనుకున్న డబ్బు కోసం వడ్డీకి అప్పు తెచ్చారు. అంత దూరాన తీసుకున్న నిర్ణయం ఇంత త్వరగా ఈ పళవేర్కాడు ఇళ్లకు చేరుతుందంటే వాళ్లకు ముందే చెప్పే మనిషి ఉండాలి. సుంకం మారిందని సైటులో ఇంగ్లీషులో నోటిఫికేషన్ పెడితే వాళ్లకు అందినట్టు కాదు. తమిళంలో, తెలుగులో, ఫోన్లో వినేలా పంపడం ఈ రోజుల్లో ఏమంత కష్టం? మామిడి రైతుకు వాన కబురు గొంతుతో చెప్పే ఏర్పాట్లు చేయగలిగిన దేశం సుంకం కబురు చెప్పలేదా?

యూరప్‌లో ఇంకోటి రాబోతోంది. 2024లో అమల్లోకొచ్చిన వాళ్ల చట్టం ప్రకారం, దశలవారీగా, సరుకుల మీద డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలి. కోడ్ స్కాన్ చేస్తే ఆ వస్తువు ఏ ముడిసరుకుతో ఎలా తయారైందో కనబడాలి. ముందు వరసలో ఉన్న సరుకుల్లో బట్టలున్నాయి. మా లైన్లో చాలామంది ఇది చిన్నవాళ్లకు ఉరి అంటున్నారు. నాకు సగం భయం, సగం ఆశ. మ్యాంగోనెట్ నంబరులాగా తప్పు పట్టడానికే వాడితే ఉరే. ఆ కోడ్‌లో నేసినవాళ్ల పేరూ ఊరూ వాళ్లే రాసుకునే చోటు ఉంటే, పళవేర్కాడు నుంచి ఓడలెక్కిన కాలం నుంచీ లేనిది మొదటిసారి వస్తుంది. ఆ కాలమ్‌లు ఏవేవి ఉండాలో తేల్చే బల్ల దగ్గర మన చేనేత సంఘాలవాళ్లు కూర్చోవాలని నేను ఎక్కడ అవకాశం దొరికినా చెబుతున్నాను. ఫారం తయారయ్యాక నింపేవాణ్ని నేను. ఒకసారి ఖాయమైన ఫారంలో గడి చేర్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పీతల మాట చెప్పకుండా ఆపలేను. పళవేర్కాడు ఉప్పుకయ్యలో దొరికే మడ పీతల్ని బతికుండగానే కాళ్లు కట్టి, తడి గోనె చుట్టి, పెట్టెల్లో పెట్టి, చెన్నై విమానాశ్రయం నుంచి సింగపూర్ లాంటి చోట్లకు పంపుతారు. పట్టేవాళ్లలో జాలర్లున్నారు, ఒట్టి చేతుల్తో బురదలో వెతికి పట్టే ఇరుళర్ తెగవాళ్లున్నారు. పట్టినవాడి చేతిలో కిలోకి పడేది వేరు, విమానం దిగినచోట పలికేది వేరు. మధ్యలో ఐసు, బండి, ప్యాకింగు, చచ్చిన పీతల నష్టం ఉన్నాయి, కాదనను. మధ్యవర్తి ఊరికే తినడు. ఆ ఖర్చులు ఎంతో పట్టినవాడికీ తెలిస్తే బేరం ఇంకోలా ఉంటుంది.

ఈ మధ్య మా ఆఫీసులో ఆత్తిపట్టు పక్క పల్లె అమ్మాయి చేరింది. బీకాం చదివింది, వాళ్ల నాన్న ఎన్నూరు క్రీక్‌లో వల వేస్తాడు. చెక్‌లిస్టుల్లో అంకెలు సరిచూసే పని ఇచ్చాను, హెచ్ కార్డుకు పెట్టించాను. కొన్నాళ్లు అన్నీ గమనించి ఒకరోజు అడిగింది, "అన్నా, మా నాన్న పేరు మీద పీతలు పంపొచ్చా?" అని.

పంపొచ్చన్నాను. కూర్చోబెట్టి రాయించాను. ఐఈసీ, ఏడీ కోడ్, సముద్రపు సరుకుల ఎగుమతి చూసే ఎంపెడాలో ఎగుమతిదారుగా నమోదు, కొనే దేశం అడిగే ఆరోగ్య ధ్రువపత్రం, విమానం వాళ్ల ప్యాకింగ్ నియమాలు. ఒక్క ఇంటి పట్టుబడి చాలదు కాబట్టి నాలుగైదు పడవలవాళ్లు కలవాలి, వాళ్లలో ఒకరికి నీళ్లూ ఐసూ చూసుకునే షెడ్డు ఉండాలి. అది రాసుకుంటూ, ఒక్కోదానికీ ఎంతవుతుందో పక్కన వేసుకుంటూ పోయింది. పళవేర్కాడులో పీతలకు ధర ఎలా కడతారో తను కనుక్కొస్తానంది, విమాన చార్జీలు నేను కనుక్కుంటానన్నాను.

"ముందు మీ నాన్న ఆధార్, పాన్, పాసుపుస్తకం తీసుకురా. మూడింట్లో పేరు ఒకటేనా చూద్దాం" అన్నాను.

మర్నాడే తెచ్చింది. ఒకటి కాదు. పాన్ దిద్దుబాటుకు ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టాం.